కీళ్లనొప్పుల గోలీలు: పేర్లు వేరు, వంశమొక్కటే

(జగిత్యాలలో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఇంతకు ముందు మాటలాడినవారు మురుగుకాలువలను గూర్చియు, వీధిదీపములను గూర్చియు, తాగునీటి ట్యాంకులను గూర్చియు మీకు వివరించినారు. అవి పదిమంది కంటబడు పనులు. మేము చెప్పదలచినది ఎవరి కంటను బడని వస్తువును గూర్చి. అది చీరకొంగు ముడిలో నుండును. బీడీల చాట అంచున కాగితపు పొట్లములో నుండును. మరమగ్గము వద్ద పనిచేయువాని చొక్కా జేబులో నుండును. గోరంత మాత్ర. దానిని మ్రింగిన పూటకే కీళ్లనొప్పి తగ్గును. అందుచేతనే దానిమీద ఎవరును ఫిర్యాదు చేయరు. పల్లెలలో దానిని నొప్పుల గోలీ యందురు. వైద్యులు దానిని స్టెరాయిడు అందురు.

మేము వైద్యులము కాము, ప్రచారశాఖవారము. అయినను వైద్యులు పలుమారులు చెప్పు సంగతులను గ్రామస్థుల మాటలలోనికి తెచ్చుట మా విధి గనుక, ఈ మాత్రలలో ఏది యేదో, దేనికి దేనికి భేదమెంతయో మీకు విశదపరచెదము.

కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములలో బీడీలు చుట్టి సంసారమును ఈదుకొనివచ్చు స్త్రీలను గూర్చి మీకు మేము చెప్పనవసరము లేదు. వారికి కూలి గంటల లెక్కన గాదు, వేయి బీడీలకింత యని. తునికాకును కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారము కట్టి, మూతి మడుచుటకు వ్రేళ్లు చురుకుగా కదలవలయును. వ్రేళ్ల కణుపులు వాచిననాడు వేయి కావలసినచోట అయిదువందలును కావు. సిరిసిల్లలో మరమగ్గముల నడుమ గంటల తరబడి నిలుచువానికి మోకాలు వాచినను ఇదే గతి. గల్ఫు దేశమునకు పోయిన కుమారుడు పంపు డబ్బు ఆలస్యమైన నెలలో ఆ ఇంటి అవ్వ దవాఖానా ప్రయాణము మరి నాలుగు వారములు వెనుకకు పోవును. ఇట్టిచోట ఒక మాత్ర వేసికొనగానే సాయంత్రమునకు వ్రేళ్లు వంగినచో, "సారూ, మొన్నటి చిన్న గోలీయే ఇయ్యుండ్రి" అని ఆమె మరల అడుగుటలో అవివేకమేమియు లేదు. ముందుగా ఈ సంగతిని మనము ఒప్పుకొని, ఆ పిమ్మట మందును గూర్చి మాటలాడుట న్యాయము.

కీళ్లనొప్పులన్నియు ఒక్క జబ్బు కావు. వయస్సు మీరినవారికి మోకాలిలోని మెత్తని మృదులాస్థి అరిగి వచ్చు నొప్పి వేరు. 2005 చివరను, 2006లోను అప్పటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున ప్రబలిన చికున్‌గున్యా జ్వరము వదలిన తరువాత నెలల తరబడి పీడించిన నొప్పి వేరు. మేము ముఖ్యముగా చెప్పబోవునది వైద్యులు రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అని పిలుచు కీళ్లవాతము. శరీరమును రోగములనుండి కాపాడవలసిన రక్షణశక్తియే దారితప్పి, కీళ్ల లోపలి పొరపై దాడిచేయుటవలన ఇది కలుగును. పురుషులకంటె స్త్రీలకు రెండుమూడు రెట్లు ఎక్కువగా వచ్చును. రెండు చేతుల వ్రేళ్ల కణుపులును, మణికట్లును ఒకేమారు వాచుట, ఉదయము లేచిన పిమ్మట అరగంటకు మించి కీళ్లు బిగిసియుండుట, ఈ బాధ ఆరు వారములు దాటుట దీని గుర్తులు. అరుగుదల నొప్పి పనిచేసినకొలది హెచ్చును. ఈ వాతము విశ్రాంతి తరువాతనే ఎక్కువగా బాధించును. దీనిని ఊరక విడిచినచో కొన్ని యేండ్లలో వ్రేళ్లు వంకరపోయి, అన్నము కలుపుకొనుటకు గూడ పనికిరాకుండ పోవును. ఆ వంకర మరల సరికాదు.

ఇక మందు సంగతి. మన మూత్రపిండముల మీద టోపీలవలె రెండు చిన్న గ్రంథులు గలవు. వానికి అధివృక్క గ్రంథులని పేరు. అవి ప్రతిదినము, ముఖ్యముగా తెల్లవారుజామున, కార్టిసాల్ అను రసమును విడుదలచేయుచుండును. జ్వరము, గాయము, భయము, ఉపవాసము - వీనిలో దేనికైనను శరీరము తట్టుకొని నిలుచుట ఆ రసము వలననే. 1948 సెప్టెంబరు 21వ తేదీన అమెరికాలోని రాచెస్టరు నగరమున, మేయో క్లినిక్ వైద్యుడగు ఫిలిప్ హెంచ్, ఈ రసము జాతికి చెందిన కార్టిజోన్ అను పదార్థమును కీళ్లవాతముతో కదలలేకయున్న ఒక యువతికి మొదటిసారి సూదిమందుగా ఇప్పించెను. కొలది దినములలో ఆమె లేచి నడచినది. లోకమంతయు అబ్బురపడినది. 1950లో హెంచ్‌కును, రసాయన శాస్త్రజ్ఞులగు కెండాల్, రైఖ్‌స్టైన్‌లకును నోబెల్ బహుమతి వచ్చెను. కాని ఆ రోజులలోనే రెండవ సంగతి గూడ బయటపడినది. మందు ఆపగానే వ్యాధి తిరిగి వచ్చుచుండెను. ఆపక వాడినచో ముఖము ఉబ్బుట, రక్తపోటు పెరుగుట, ఎముకలు విరుగుట మొదలయ్యెను.

అప్పటినుండి శాస్త్రజ్ఞుల యత్నమంతయు మేలును ఉంచి కీడును తొలగించిన స్టెరాయిడును కనుగొనుటకే సాగినది. 1955లో ప్రెడ్నిసోలోను వాడుకలోనికి వచ్చెను. ఆ తరువాతి నాలుగైదేండ్లలో మిథైల్ ప్రెడ్నిసోలోను, ట్రయామ్‌సినోలోను, డెక్సామెథసోను, బీటామెథసోను ఒకదానివెంట నొకటి వచ్చినవి. పిమ్మట డెఫ్లజకార్ట్ వచ్చినది. వీనివలన నిజముగా సాధించినది ఒక్కటి గలదు: ఒంటిలో ఉప్పును నీటిని నిలుపు గుణము తగ్గినది. డెక్సామెథసోనులో అది దాదాపు లేదనియే చెప్పవచ్చును. తక్కిన కీడును మాత్రము ఎవరును వేరుచేయలేకపోయిరి. నొప్పిని అణచు శక్తి ఎంత పెరిగినదో, ఎముకను గుల్లబరచు శక్తియు, చక్కెరను పెంచు శక్తియు ఇంచుమించు అంతే పెరిగినది. అన్నదమ్ములలో ఒకడు పొట్టి, మరియొకడు పొడుగు కావచ్చును, వంశమొక్కటే.

ఇచట సభ్యులు కొంచెము శ్రద్ధగా వినవలయును. మాత్ర మీద ఉండు అంకెను చూచి మన వారు మోసపోవుచున్నారు. "ఇది అర మిల్లీగ్రామే కదా, ఆ డాక్టరమ్మ వ్రాసినది అయిదు మిల్లీగ్రాములు, ఇదియే తేలిక" అని అనుకొందురు. తులము బంగారము, తులము ఇత్తడి తూకమున ఒక్కటే, ధర ఒక్కటియా? మందులును అంతే. 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోను చేయు పనిని 20 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిజోను చేయును. అదే పనికి మిథైల్ ప్రెడ్నిసోలోను 4, డెఫ్లజకార్ట్ 6 మిల్లీగ్రాములు కావలయును. డెక్సామెథసోను అయినచో ముప్పాతిక మిల్లీగ్రాము చాలును; బీటామెథసోనుకు అంతకంటెను కొంచెము తక్కువయే చాలును. కావున అర మిల్లీగ్రాము చిన్న గోలీ యొక్కటి మూడు నాలుగు మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోనుతో సమానము. దినమునకు మూడుపూటల మ్రింగినచో పది పన్నెండు మిల్లీగ్రాములయినది. కీళ్లవాతమునకు చాలకాలము స్టెరాయిడు తప్పనిసరియైన రోగికి గూడ వైద్యులు వీలయినంతవరకు 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోను దాటనీయరు.

సూదిమందు సంగతి ఇంతకంటె ఘనము. డెక్సామెథసోను బుడ్డి సాధారణముగా 2 మిల్లీలీటర్లది. అందు 8 మిల్లీగ్రాముల మందుండును. లెక్క కట్టి చూడుడు. అది 53 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోనుకు సమానము. ఆరోగ్యవంతుని శరీరము దినమునకు తనంతట తాను తయారుచేసికొను రసము సుమారు 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోనుతో తూగును. అనగా నాట్ల దినములలో నడుము నొప్పికని, జ్వరము త్వరగా దిగవలెనని వేయించుకొను ఒక్క సూదిలో పది దినముల రసము ఒక్కసారిగా ఒంటిలోనికి పోవుచున్నది. మరుసటి దినము హుషారుగా నుండుటలో వింత యేమున్నది?

శక్తి ఒక్కటియే గాక, పనిచేయు కాలమున గూడ భేదము గలదు. హైడ్రోకార్టిజోను సుమారు అరదినము పనిచేసి పోవును. ప్రెడ్నిసోలోను, మిథైల్ ప్రెడ్నిసోలోను ఒక దినము, ఒకటిన్నర దినము నిలుచును. డెక్సామెథసోను, బీటామెథసోను రెండు దినములవరకు ఒంటిలోనుండును. ఎక్కువసేపు పనిచేయునది మంచిది కాదా యని మీరడుగవచ్చును. కాదు. బావిలో నీరు తోడుచున్నంతకాలము ఊట యుండును. వాడుట మానినచో పూడిపోవును. అధివృక్క గ్రంథులును అట్టివే. బయటినుండి రసము వచ్చుచున్నదని తెలియగానే అవి పని మానుకొనును. ప్రెడ్నిసోలోనును ఉదయము ఒక్కపూట, తిండి తిన్న పిమ్మట వేసికొన్నచో, మరుసటి తెల్లవారుజామునకు మందు బలము తగ్గియుండును గనుక గ్రంథులకు కొంత మేల్కొను అవకాశము చిక్కును. రెండు దినములు నిలుచు మందును ప్రతిదినము మ్రింగువానికి ఆ అవకాశమే లేదు. కావుననే దీర్ఘకాలపు కీళ్లవాతమునకు డెక్సామెథసోను, బీటామెథసోను మాత్రలు తగవనియు, స్టెరాయిడే కావలసివచ్చినచో ప్రెడ్నిసోలోను మేలనియు వైద్యులు చెప్పుదురు. డెఫ్లజకార్ట్ కొన్ని విషయములలో తేలికయని వాదించువారు గలరు. కీళ్లవాతమున అది ప్రెడ్నిసోలోనును మించిన మందని రూఢి కాలేదు. ధర మాత్రము ఎక్కువ. పేదవాని ఇంట ఆ డబ్బు గ్రుడ్లకు, పాలకు వెచ్చించుట మేలని మా అభిప్రాయము.

ఈ మాత్రలు చాలకాలము వాడినవారిని గుర్తించుట కష్టము కాదు. ముఖము గుండ్రముగా ఉబ్బి నిగనిగలాడును. "అవ్వ ఒళ్లు చేసినది, మందు పడినది" అని చుట్టములు సంతోషింతురు. చేతులు కాళ్లు సన్నబడి, పొట్టయు మెడవెనుక భాగమును మాత్రము పెరుగును. ముట్టుకొన్నంతనే చర్మము కమిలి నల్లమచ్చలు పడును. మధుమేహము లేనివారికి వచ్చును, ఉన్నవారికి అదుపు తప్పును. కంటిలో శుక్లములు ముందుగానే వచ్చును. వెన్నుపూసలు నలిగి మనిషి పొట్టియగును. తుంటి ఎముక చెడి కుంటుట గలదు. వీనికంటె మోసకరమైనది మరియొకటి గలదు: స్టెరాయిడు జ్వరమును, వాపును అణచివేయుటచే లోపలి వ్యాధి బయటపడదు. క్షయరోగి దగ్గుచు, ఆకలి కలిగి, బాగుగానున్నట్లే తిరుగుచుండును. లోపల ఊపిరితిత్తి తినివేయబడుచుండును. పొగాకు దుమ్ములోను, నూలు దుమ్ములోను పనిచేయువారు గల ఊళ్లలో దగ్గును పనివలన వచ్చినదేయని తోసివేయుట మామూలు. అందుచేత ఈ విషయము మరింత జాగ్రత్తగా చూడవలసినది.

ఇప్పుడు ఈ ప్రసంగమునకెల్ల ముఖ్యమైన మాట. మీలో ఉత్సాహవంతులగు సభ్యులు ఊరికి పోయి, రేపు ఉదయమే ఇంటింటికి తిరిగి, "ఆ గోలీలు పారవేయుడు" అని చెప్పవచ్చును. అట్లు చెప్పకుడు. మూడు వారములకు మించి స్టెరాయిడు వాడినవాని గ్రంథులు నిద్రలో నుండును. మందు ఒక్కసారిగా ఆపినచో బయటి రసమును లేదు, లోపలి రసమును లేదు. తీవ్రమైన నీరసము, వాంతులు, కడుపునొప్పి వచ్చి, రక్తపోటు పడిపోయి, మనిషి సొమ్మసిల్లును. ప్రాణము పోవుట గూడ గలదు. మధ్యలో జ్వరము, విరేచనములు, శస్త్రచికిత్స వంటివి వచ్చినచో ప్రమాదము మరింత హెచ్చు. అట్టి సమయమున వైద్యులు మోతాదును తగ్గించుటకు మారు పెంచుదురు. ఏండ్ల తరబడి వాడినవానికి వారములు, నెలలు పట్టి కొంచెము కొంచెముగా దించవలయును. ఆ పని వైద్యుడు చేయవలసినదేగాని, మనము గాని, మందులషాపువాడు గాని చేయవలసినది కాదు. ఊరిలోని ఆర్.ఎం.పి. గదికి తాళము వేయించి కర్తవ్యము తీరినదనుకొన్న సర్పంచి, ఆ వారమే ఇద్దరు ముసలమ్మలను ఆపదలో పడవేసినవాడగును. తాళము కంటె ముందు ఆ గది నుండి గోలీలు తెచ్చుకొనువారి పేర్లు కావలయును.

ఇదే మందు ప్రాణము పోయుటయు, తీయుటయు మనమందరము కన్నులార చూచినాము. 2020 జూన్ 16వ తేదీన ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు రికవరీ అను పరిశోధన ఫలితమును ప్రకటించిరి. దినమునకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోను, పది దినములకు మించకుండ ఇచ్చినచో, కోవిడు సోకి వెంటిలేటరు మీద నున్నవారిలో మరణములు మూడవవంతు తగ్గినవి. ప్రాణవాయువు అవసరమైనవారిలో గూడ మేలు కనబడినది. ప్రాణవాయువు అవసరము లేనివారికి మాత్రము ఏ మేలును కనబడలేదు. ఈ రెండవ మాట పల్లెలకు చేరలేదు. 2021 వేసవిలో రెండవ కెరటము వచ్చినపుడు కొలది జ్వరమునకే, ప్రాణవాయువు మాటయే లేనివారికి, స్టెరాయిడు మాత్రలు ఇష్టము వచ్చినన్ని దినములు ఇండ్లలో మ్రింగించిరి. చక్కెర పెరిగినది. బూజు ముక్కునుండి కంటికి, కంటినుండి మెదడుకు ప్రాకినది. 2021 మే 20వ తేదీన తెలంగాణ ప్రభుత్వము ఈ నల్ల బూజు వ్యాధిని విధిగా తెలుపవలసిన రోగముగా ప్రకటించెను. హైదరాబాదు కోఠిలోని చెవి, ముక్కు, గొంతు దవాఖానా దానికి కేంద్రమైనది. ఆ సంవత్సరము జూన్ చివరికి దేశమంతట 40 వేలకు పైగా కేసులు లెక్కకు వచ్చినవి. వారిలో సగమునకు మించి స్టెరాయిడ్లు వాడినవారే. ప్రాణము దక్కినను కన్ను పోగొట్టుకొన్నవారు గలరు.

మరి కీళ్లవాతమునకు సరియైన మందేమి? ఇచట తెలుగువారు గర్వింపదగిన సంగతి యొకటి గలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వము వహించిరి. 1945లో వారి బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. ఆ ఆమ్లమునకు ఎదురుగా పనిచేయు మందులను గూడ వారే తయారుచేసిరి. వానిలో ఒకటి నేటి మెథోట్రెక్సేటు. మొదట రక్తపు క్యాన్సరునకు ఉద్దేశింపబడిన ఆ మందు, చిన్న మోతాదులో కీళ్లవాతమును మూలమున అదుపు చేయునని తరువాత తేలినది. 1988లో అమెరికా ప్రభుత్వము దీనికి ఆమోదమిచ్చెను. ఇప్పుడు ప్రపంచమంతట కీళ్లవాతమునకు తొలి మందు అదియే. సుబ్బారావుగారు 1948 ఆగష్టులో గతించిరి. హెంచ్ తన రోగికి కార్టిజోన్ ఇప్పించినది సరిగా మరుసటి నెలలో. ఒకే కాలమున పుట్టిన రెండు మందులలో, తక్షణము నొప్పి మాన్పునది పల్లె పల్లెకు ప్రాకినది. మెల్లగా వ్యాధిని మాన్పునది పట్టణపు దవాఖానాలకే పరిమితమైనది.

మెల్లగా నన్నమాట ముఖ్యము. మెథోట్రెక్సేటు పని కనబడుటకు ఆరు నుండి పన్నెండు వారములు పట్టును. ఆ లోపల బీడీలు చుట్టవలసిన అక్క ఊరకుండజాలదు గదా! అందుచే వైద్యులు అంతవరకు చిన్న మోతాదులో ప్రెడ్నిసోలోనిచ్చి, అసలు మందు పట్టిన పిమ్మట సుమారు మూడు నెలలలోపల దానిని దించివేయుదురు. వాగు దాటువరకు పడవ కావలయును. దాటిన పిమ్మట ఎవరును పడవను నెత్తిన పెట్టుకొని పోరు. ఒక జాగ్రత్త: మెథోట్రెక్సేటు వారమునకు ఒక్క దినము మాత్రమే వేసికొనవలసిన మందు. దినదినము మ్రింగినచో నోరు పుండ్లుపడి, రక్తము క్షీణించి, ప్రాణాపాయము కలుగును. కావున ఆదివారమో, సంతదినమో ఒకటి నిర్ణయించుకొని, ఆ దినము పేరును పొట్లము మీద వ్రాయించుకొనుట మంచిది. వైద్యుడు చెప్పిన దినమున ఫోలిక్ ఆమ్లపు మాత్రయు వేసికొనవలయును. గర్భిణులకు, గర్భము కోరువారికి ఇది నిషిద్ధము. అప్పుడప్పుడు రక్తపరీక్షలు తప్పవు. కల్లు, సారా మానని వానికి కాలేయము చెడును. ఈ మాట మగవారికి ప్రత్యేకముగా చెప్పవలయును.

స్టెరాయిడనగానే భయపడుటయు తప్పే. ఉబ్బసమునకు పీల్చు మందులో బుడెసొనైడు వంటి స్టెరాయిడు మిల్లీగ్రాములలో గాక మైక్రోగ్రాములలో, నేరుగా ఊపిరితిత్తులకే పోవును. ఒంటికి ఎక్కునది స్వల్పము. పీల్చిన పిమ్మట నోరు పుక్కిలించిన చాలును. అట్టి దానిని "అలవాటుపడిపోవును" అని దూరముగా నుంచి, చిన్న గోలీని మాత్రము పూటపూటకు మ్రింగువారు ప్రతి ఊరిలోను గలరు. దీనికంటె తలక్రిందులైన భయము మేము ఎరుగము. నెలలు నిండకముందే, 24 నుండి 34 వారముల నడుమ నొప్పులు మొదలైన గర్భిణికి 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోను 12 గంటలకొకటి చొప్పున నాలుగు సూదులు ఇచ్చినచో బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడును. 2014లో భారత ప్రభుత్వమిచ్చిన మార్గదర్శక సూత్రముల ప్రకారము ఏ.ఎన్.ఎం. గూడ మొదటి సూది వేసి పెద్ద దవాఖానాకు పంపవచ్చును. నాట్ల నొప్పికి వృథాయగు ఆ బుడ్డియే ఇచట ఒక పసిప్రాణమును నిలుపును.

చట్టము సంగతి క్లుప్తముగా చెప్పెదము. ఈ మందులు 'షెడ్యూల్ హెచ్'లోనివి. వైద్యుని చీటీ లేక అమ్మరాదు. ముఖము తెల్లబడునని పూసికొను స్టెరాయిడు లేపనములలో 14 రకములను గూడ 2018లో ఈ పట్టికలోనికి చేర్చిరి. మీ ఇండ్లలోని పిల్లలకు ఈ మాట చెప్పుడు. రిజిస్టరు కాని వ్యక్తి వైద్యము చేసినచో జాతీయ వైద్య కమిషను చట్టము, 2019 ప్రకారము ఏడాది వరకు జైలు, అయిదు లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చును. అయినను, అర్ధరాత్రి పిలిచినపుడు వచ్చువాడు ఆర్.ఎం.పి.యే గదాయని మీరనవచ్చును. నిజమే. ఆయనను శత్రువుగా చూచినంతమాత్రమున ప్రయోజనము లేదు. సూది వేయక, రోగిని ఎక్కడికి పంపవలయునో తెలిసి పంపు మనిషిగా ఆయన మారినచో ఊరికి మేలే. మారుటకు ఒప్పుకొనక విడి గోలీలు పొట్లము కట్టుచునే యున్నచో, ఔషధ నియంత్రణ అధికారులకు తెలుపుట పంచాయతీ విధి.

పంపుటకు చోటు లేదను మాట ఇప్పుడు చెల్లదు. జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు 2016 అక్టోబరు 11వ తేదీన ఏర్పడినవి. జగిత్యాలలో 2022లోను, సిరిసిల్లలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవి. హైదరాబాదు నిమ్స్‌లో కీళ్లవాతమునకే ప్రత్యేక విభాగము గలదు. దూరము మాత్రము దూరమే. బీడీలు చుట్టు స్త్రీకి ఒక దినపు ప్రయాణమనగా ఒక దినపు కూలి. కావున ఒంటరిగా పంపక, ఆశా కార్యకర్త వెంట నలుగురైదుగురిని ఒకే దినమున పంపు ఏర్పాటు చేసినచో ధైర్యముగా పోవుదురు.

సర్పంచి అధ్యక్షతన పనిచేయు గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘము తదుపరి సమావేశములో ఈ విషయమును చేర్చుడు. ముప్పది యేండ్లు దాటినవారికి ఆశా, ఏ.ఎన్.ఎం.లు రక్తపోటు, చక్కెర పరీక్షలు చేయుచున్నారు గదా, ఆ సమయముననే "నొప్పులకు ఏ గోలీ వేసికొనుచున్నావు అవ్వా? ఎన్నాళ్లనుండి?" అని ఒక్క ప్రశ్న అదనముగా అడిగించుడు. గద్దింపుగా అడిగినచో పొట్లము కొంగులోనే యుండిపోవును. విడి గోలీలైనచో వానినే ఒక కాగితములో చుట్టి వైద్యునికి చూపవలయును. అట్టయున్నచో పెద్ద అక్షరములలో నుండు కంపెనీ పేరు కాదు, దాని క్రింద చిన్న అక్షరములలో నుండు మందు పేరు చదువవలయును. అవి ఆంగ్లములో నుండును. ఊరి బడిలో పదవ తరగతి చదువు పిల్లవాడెవడైనను చదివి చెప్పగలడు. సంతలలో, జాతరలలో 'కేవలము వనమూలికలు' అని అమ్ము నొప్పుల చూర్ణములలో గూడ స్టెరాయిడు కలిపినట్లు పరీక్షలలో బయటపడుట గలదు. పూటలోనే నొప్పి మాయమైనచో అది ఏ వేరు, ఏ ఆకు అని అనుమానింపవలసినదే.

ఎక్కువ కాలము మాత్రలు వాడినవారని తేలినవారి పేర్లు గోడమీద వ్రాయరాదు, ఏ.ఎన్.ఎం. పుస్తకములోనే ఉండవలయును. అట్టివారి చేతికి ఒక చిన్న చీటీ ఇప్పించుడు. అందు మందు పేరు, మోతాదు, ఎప్పటినుండి వాడుచున్నది వ్రాసియుండవలయును. ప్రమాదము జరిగి 108 బండిలో ఎక్కించిననాడు, మాటలాడలేని స్థితిలో నున్న ఆ మనిషికి స్టెరాయిడు అవసరమని డాక్టరునకు తెలుపునది ఆ చీటీయే.

ఇందాక చెప్పిన ఆరు మందుల పేర్లను తెలుగు, ఆంగ్ల అక్షరములలోను, ఏది ఎంతకు సమానమో ఆ లెక్కయు, ఒక కాగితము మీద అచ్చువేయించి తెచ్చినాము. వాకిలి వద్ద బల్లమీద నున్నవి. ఊరికి రెండు ప్రతులు. ఒకటి పంచాయతీ కార్యాలయమునకు, ఒకటి పల్లె దవాఖానాకు. వైద్యాధికారిగారు భోజనముల వేళవరకు ఇచటనే యుందురు. మీ ఊరిలో ఇట్టివారెవరైన మనస్సులో మెదలినచో, పేరు చెప్పకయే వారి సంగతి ఆయననడుగవచ్చును.